ఉబ్బని తేనెటీగ

కిందటి వారం మనం పెద్ద కోడలిని తోడికోడలి సొరుగు ముందు వదిలి వచ్చాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. సొరుగు లాగిన చెయ్యి లాగినట్టే ఉంది. చెవులు మాత్రం మెట్ల మీదున్నాయి, చిన్న కోడలు మేడ మీంచి దిగి వస్తుందేమోనని. లోపల ఏం కనిపించిందో చెప్పే ముందు, ఈ వారమే కథలో అడుగుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు.

ఆ ఇంటి కింది భాగంలో ముందుగదంతా పనిగది. చూపులేని పిల్లల బడికి బొమ్మల పుస్తకాలు తయారయ్యేది అక్కడే. అచ్చు పుస్తకాల్లోని రంగుల బొమ్మలు స్కాన్ అయి కంప్యూటర్‌లోకి వస్తాయి. కోడళ్ళిద్దరూ వాటిలోంచి రంగులు, నీడలు, వెనక కనిపించే చెట్టూ చేమా అన్నీ తీసిపారేసి, బొమ్మ ఏమిటో తెలియడానికి ఎన్ని గీతలు కావాలో అన్నే ఉంచుతారు. ఆ గీతల్ని ఉబ్బు కాగితం మీద నల్లగా అచ్చువేసి వేడి పెట్టెలోంచి పంపితే, నలుపు ఉన్న చోటల్లా కాగితం పొంగి లేస్తుంది. అప్పుడు బొమ్మ వేలికి అందుతుంది.

అందరికంటే ముందు అందేది అత్తగారి వేలికి. ఆవిడకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. పోయిన కొత్తలో ఏడ్చింది, తరువాత ఈ పని మొదలుపెట్టింది. కాగితం ముందుకు రాగానే రెండు చేతులా తడుముతుంది. బాగుంటే పై మూలన బొటనవేలి గోటితో గట్టిగా ఒక నొక్కు నొక్కుతుంది. బాగోకపోతే తిరగేసి పక్కన పెడుతుంది. ఆ గోటి గుర్తు లేని కాగితం గడప దాటదు. తీసుకుపోవడానికి వచ్చే బడి టీచరు కూడా ముందు ఆ మూలే తడిమి చూసుకుంటుంది.

ఇప్పుడు అత్తగారికి ఓపిక తగ్గింది. కిటికీ పక్కనున్న పెద్ద బల్లను, దానితోపాటు గీతల పని పెత్తనాన్ని కోడళ్ళలో ఒకరికి అప్పగించేస్తానంది. పురుగుల పుస్తకం పూర్తయ్యేలోగా తేలుస్తానంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ గీతలు గీస్తున్న పెద్ద కోడలు ఆ బల్ల తనది కాక ఇంకెవరిదవుతుందని ధీమాగా ఉంది. తీరా చూస్తే నిరుడు కాపురానికొచ్చిన చిన్న కోడలి కాగితాలు వరసగా గోటి గుర్తు వేయించుకుంటున్నాయి. తనవి వరసగా తిరగబడుతున్నాయి. "గీత ఆనడం లేదు పెద్దమ్మాయ్," అంటుంది అత్తగారు ప్రతిసారీ, అదీ చిన్నదాని ముందే.

దీన్ని అసూయ అని మీరూ నేనూ అంటాం. పెద్ద కోడలు అనదు. పొద్దున తిన్నది పడలేదు, అందుకే కడుపులో ఈ మంట అంటుంది. వారం రోజులుగా ఆవిడకు ఏం తిన్నా పడటం లేదు.

ఇక సొరుగు సంగతి. లోపల ఉన్నది తేనెటీగ.

అచ్చు పుస్తకంలో ఆ తేనెటీగ పసుపుపచ్చ పువ్వులో సగం కూరుకుపోయి ఉంటుంది. ఒంటి మీద నూగు, రెక్కల మీద ఎండ, కాళ్ళకు పుప్పొడి. కళ్ళున్నవాళ్ళు చూసి మురిసిపోయే బొమ్మ. వేలికి అదంతా గజిబిజి. అందుకే పువ్వును వేరే కాగితానికి పంపాలి, ఈగను పక్కకు తిప్పి నిలబెట్టాలి, పొట్ట కింద దాగిన కాళ్ళను బయటికి లాగి విడివిడిగా చూపాలి. నడుము సన్నంగా తేలాలి. ఆ నడుము దగ్గరే పనితనమంతా బయటపడుతుంది. పెద్ద కోడలు దాన్ని గీసి పంపితే అత్తగారు రెండుసార్లు తిరగేసింది. చిన్న కోడలు గీసింది ఒక్కసారికే గుర్తు వేయించుకుంది. ఆ గుర్తు ఉన్న కాగితమే ఇప్పుడు పెద్ద కోడలి చేతిలో ఉంది.

కాగితాన్ని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చూసింది. చూసి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గీతలు తాళ్ళలా లావుగా ఉన్నాయి. కాళ్ళ మధ్య వేలు దూరేంత సందు. రెక్క మీది చుక్కలు ఒక్కొక్కటీ మాత్ర బిళ్ళంత. ఇక నడుమా, లేనే లేదు. బంగాళదుంపకు కాళ్ళు మొలిచినట్టుంది.

"ఓహో, ఇదా కిటుకు," అనుకుంది పెద్ద కోడలు.

ఆవిడకు అంతా అద్దంలా కనిపించింది. లావు గీత ఎవరి వేలికైనా ఆనుతుంది. పెద్దావిడ కష్టపడి వెతుక్కోనక్కర్లేదు. చిన్నది పిల్లల కోసం గీయడం లేదు, అత్తగారి కోసం గీస్తోంది. గోరుముద్దలు తినిపిస్తోంది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనిపిస్తూ ఎంత నేర్చింది. ఇంట్లో కూడా అంతే కదా, వచ్చి ఏడాది తిరగకుండానే అత్తగారికి తలలో నాలుకైపోయింది. మందులడిగితే చిన్నమ్మాయ్. రేడియో పెట్టాలంటే చిన్నమ్మాయ్. తల దువ్వమనడానికి కూడా ఈ మధ్య చిన్నమ్మాయే. తనకు మిగిలింది ఆదివారం పూట అత్తగారి గోళ్ళు తీసే పని ఒక్కటే. అదీ బొటనవేలి గోరు జాగ్రత్తగా వదిలేసి తీయడం ఇంకా చిన్నదానికి చేతకాదు కాబట్టి మిగిలింది.

టీచరు మధ్యాహ్నం వస్తానంది. ఆవిడకూ చూపు లేదు, కానీ ఆవిడ వేళ్ళ ముందు ఎవరి ఆటలూ సాగవు. ఆవిడ వచ్చేలోగా తన తేనెటీగకు గోటి గుర్తు వేయించుకోవాలి. తరువాత ఈ బంగాళదుంపను తెచ్చి దాని పక్కన పడేస్తే, ఏది బొమ్మో ఏది బులిపించడమో టీచరే తేలుస్తుంది. పెద్ద కోడలు కాగితాన్ని సొరుగులో పెట్టి, సొరుగు మూసి, తన కంప్యూటర్ ముందు కూర్చుంది. పైన చిన్న కోడలు ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతోంది. ఆ నవ్వుకు కూడా ఒళ్ళు మండింది.

అంత కోపంలోనూ చెయ్యి మాత్రం తప్పు చేయలేదు. మంచి పనివాళ్ళకు కోపం వస్తే పని ఇంకా బాగా వస్తుంది కాబోలు. రెక్కలో ఈనెలన్నీ తీసేసి రెండే ఉంచింది. పొట్ట చారల మధ్య సందు పెంచింది. వెనక కాలు ముందుకాలి మీదికి రాకుండా కాస్త వంచింది. నడుమును మూడుసార్లు చెరిపి నాలుగోసారి గీసింది. గీసి వెనక్కి వాలి చూసుకుంటే, ఇంతకాలం తాను గీసినవాటిలో ఇంత శుభ్రమైన గీత లేదనిపించింది. తన గీతను చూసి తానే మురిసిపోవడం ఆవిడకు కొత్త కాదనుకోండి, కానీ ఈసారి నిజంగానే బాగుంది.

ఎప్పటిలాగే రెండు ప్రతులు అచ్చువేసింది. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని ఆ ఇంట్లో అలవాటు. ఒక ప్రతిని వేడి పెట్టెలోకి తోసింది. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. చిన్నది దిగివస్తోంది. దాని కళ్ళ ముందు పడకుండా అత్తగారి దగ్గరికి చేరుకోవాలని పెద్ద కోడలు గబుక్కున కాగితం తీసుకుని కదిలింది.

ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. ఆ పెట్టెకు అటూ ఇటూ రెండు తట్టలుంటాయి. మొదట్నుంచీ అచ్చయిన కాగితాలు ఎడమ తట్టలో, వేడికి ఉబ్బి వచ్చినవి కుడి తట్టలో. చిన్న కోడలిది ఎడమచేతి వాటం. తనకు వీలుగా లేదని ఈమధ్యే పెట్టెను వెనక్కి తిప్పి తట్టలు మార్చింది. దానిమీద పెద్ద కోడలు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగింది కూడా. అన్ని సంగతులూ గుర్తుపెట్టుకుని సణిగే మనిషి, సరిగ్గా ఆ రోజు మాత్రం పాత అలవాటుతో కుడి తట్టలోకి చెయ్యి పెట్టింది.

అత్తగారు కిటికీ పక్కన పెద్ద బల్ల దగ్గర కూర్చుని ఉంది. కాళ్ళ మీద దుప్పటి, చేతులు బల్ల మీద.

"అత్తయ్యా, తేనెటీగ మళ్ళీ వేశాను. చూడండి."

"ఏదీ, ఇలా పెట్టు."

కాగితం బల్ల మీద పెట్టి పెద్ద కోడలు పక్కకు జరిగింది. నలుగురు మనుషుల్ని చక్కబెట్టే ఇల్లాలు, పరీక్ష రాసే పిల్లలా నిలబడి ఉంది. అత్తగారి వేళ్ళు పైనుంచి కిందికి వచ్చాయి, మళ్ళీ పైకి వెళ్ళాయి. ఒకచోట ఆగాయి. చిన్న కోడలు ఈలోగా గదిలోకి వచ్చి వేడి పెట్టె దగ్గర నిలబడింది. ఆమె అటు తట్టలోకి ఒకసారి, ఇటు బల్ల మీదికి ఒకసారి చూసింది.

"బాగుంది పెద్దమ్మాయ్," అంది అత్తగారు.

అని పై మూల వెతుక్కుని బొటనవేలి గోటితో ఒక నొక్కు నొక్కింది.

పెద్ద కోడలికి ఏనుగెక్కినంత సంబరమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క మాట, ఒక్క గోటి నొక్కు, దానికోసం వారం రోజులుగా నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. చిన్నదాని వైపు చూసింది. ఆ చూపును మంచి చూపని నేను చెప్పలేను. నువ్వెంత, నీ బంగాళదుంప ఎంత అన్నట్టు చూసింది. చూస్తూనే కాగితం అందుకుంది.

చేతికి నున్నగా తగిలింది.

ఇంకో చేత్తో రాసి చూసింది. అద్దం మీద రాసినట్టుంది. నల్లటి గీతలు కంటికి చక్కగా కనిపిస్తున్నాయి, కాగితం మాత్రం ఎక్కడా లేవలేదు. వేడి పెట్టె మొహం చూడని కాగితం అది. దాని మీద అత్తగారి వేళ్ళకు ఏమీ తగిలి ఉండదు. తగలకుండానే బాగుందంది.

పెద్ద కోడలు నోరు తెరిచింది. ఎదురుగా చిన్న కోడలు చెప్పొద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఉన్నది భయం. ఆ ముఖం చూడగానే పెద్ద కోడలికి అర్థమైపోయింది. ఇది చిన్నదానికి కొత్త సంగతి కాదు.

"మంచినీళ్ళు తెస్తానత్తయ్యా," అని వంటింట్లోకి నడిచింది. చిన్న కోడలు వెనకాలే వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆమె చేతిలో వేడికి చక్కగా ఉబ్బిన రెండో ప్రతి ఉంది.

"అక్కా, మీరు వేడి పెట్టింది ఇదిగో. ఎడమ తట్టలో ఉండిపోయింది."

"కాగితం సంగతి తర్వాత. అత్తయ్య వేళ్ళకి ఏమైంది?"

చిన్న కోడలు గిన్నెల వైపు చూస్తూ నిలబడింది.

"నిన్నే అడుగుతున్నా."

"స్పర్శ పోతోందక్కా. షుగరు వల్లే అన్నాడు డాక్టరు. లావుగా ఉంటే తెలుస్తుంది. సన్నగీత తెలీదు."

"డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారన్నమాట."

"ఒకసారే. మీరు మీ అమ్మగారింటికి వెళ్ళినప్పుడు."

"నీకెలా తెలిసింది?"

"ఒకరోజు పొయ్యి మీంచి దించిన గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను కేకేసి లాక్కునేదాకా వదల్లేదు. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆవిడకి తెలీనే తెలీదు. అప్పట్నుంచి ఆవిడకి చూపించడానికి లావుగా ఒకటి గీస్తున్నా. బడికి పంపడానికి సన్నంగా ఇంకోటి గీస్తున్నా. పంపేదాని మీద ఆ గుర్తు నేనే నొక్కుతున్నా."

తాను పట్టుకున్నది కిటుకు కాదని, చిన్నది ఒక్కో బొమ్మకు రెండింతల పని చేస్తోందని అప్పుడు తెలిసింది పెద్ద కోడలికి. దానికి జాలిపడాల్సిన మనిషి జాలిపడలేదు. ఆవిడ మనసు వేరే చోట చిక్కుకుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"అత్తయ్య వద్దన్నారు."

"నాకు చెప్పొద్దందా?"

"ఊఁ."

"ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు."

చిన్న కోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "పెద్దదానికి తెలిస్తే ఆ రోజే నన్ను బల్ల దగ్గర్నుంచి లేపేస్తుంది, దానికి పిల్లల పుస్తకం ముందు, నేను తర్వాత అన్నారు. కోపంగా కాదక్కా. కాస్త గొప్పగానే అన్నారు."

గొప్పగా అన్నా సరే, గుండెల్లో గుచ్చుకుంది. పెద్ద బల్ల పోతే పోయింది, గోటి గుర్తు పోతే పోయింది, ఇది మాత్రం మింగుడు పడలేదు. ప్రతి ఆదివారం ఆ వేళ్ళు తన చేతిలోనే ఉంటాయి. ఒక్కొక్క వేలూ పట్టుకుని గోరు తీసేది తనే. బొబ్బ మానిన మచ్చలు కూడా చూసింది, అడిగితే గిన్నె తగిలిందంది, సరేననుకుంది. తను పట్టుకుని కూడా తెలుసుకోలేనిది చిన్నది చూసి తెలుసుకుంది. అత్తగారు భయపడిన రోజున, పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననుకున్న రోజున, పక్కన ఉన్నది ఇది. ఆ భయం తనది కావలసింది. ఇంతకాలం చేసినదానికి తనకు రావలసిన వాటా అది.

"అక్కా, ఇప్పుడేం చేద్దాం?" అంది చిన్న కోడలు.

"నువ్వున్నావుగా చెయ్యడానికి," అంది పెద్ద కోడలు.

ముందుగదిలోంచి కర్ర చప్పుడు, వెంటనే అత్తగారి పిలుపు వినిపించాయి. "పెద్దమ్మాయ్, టీచరమ్మ వచ్చింది. ఆ తేనెటీగ పట్టుకురా."

టీచరు అప్పటికే బల్లకు ఇవతల కుర్చీలో కూర్చుని కర్ర మడిచి సంచీలో పెట్టుకుంటోంది. అత్తగారు హుషారుగా ఉంది.

"ఈ వారం చూసినవాటిలో మా పెద్దదాని తేనెటీగే బాగొచ్చింది టీచరమ్మా. ఊరికే చెప్పడం లేదు, మీరే చూడండి."

ఆ మాట కోసం పెద్ద కోడలు ఎన్నేళ్ళు ఎదురుచూసిందో మీకు తెలుసు. టీచరు ముందు, తోడికోడలు వింటుండగా, అత్తగారి నోటి నుంచి రావాలని ఎన్నిసార్లు ఊహించుకుందో. తీరా వచ్చేసరికి అది నున్నటి కాగితానికి వచ్చింది.

పక్కన చిన్న కోడలు ఉబ్బిన ప్రతిని చప్పుడు కాకుండా పెద్ద కోడలి చేతికి అందించబోయింది. మూలన గోటి నొక్కు కూడా అప్పుడే వేసేసినట్టుంది, ఎడమచేతి గోటితో. అది అందుకుని టీచరుకు ఇస్తే సరిపోతుంది. గదిలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళకూ ఏమీ తెలియదు. కంటికి కనిపించే సంగతి కోడళ్ళిద్దరి మధ్యే ఉండిపోతుంది. కానీ అప్పుడు ఆ రహస్యం చిన్నది పెట్టిన భిక్ష అవుతుంది. జీవితాంతం అది దయ చూపిస్తుంది, తను తల వంచుకుని ఉండాలి.

తనకు లేని రహస్యం ఎవరికీ ఉండక్కర్లేదు.

పెద్ద కోడలు నున్నటి కాగితాన్ని టీచరు చేతిలో పెట్టింది.

టీచరు వేలు ముందు పై మూలకు వెళ్ళింది. గుర్తు దొరికింది. తరువాత రెండు చేతులూ కిందికి దిగాయి. కాగితమంతా ఒకసారి తిరిగాయి. అంచులు చూసుకుని, తిరగేసి, వెనకవైపూ తడిమాయి. చిన్న కోడలు కళ్ళు మూసుకుంది.

"అమ్మగారూ, దీంట్లో బొమ్మ లేదు," అంది టీచరు.

"అది వేడి పెట్టనిదండీ," అని చిన్న కోడలు గబగబా అందుకుంది. "పొరపాటున వచ్చింది. అసలుది నా దగ్గరుంది, ఇదిగో."

"సరే, పొరపాటే అనుకుందాం. దీని మీద గుర్తు ఎలా పడింది?"

అత్తగారి చేతులు బల్ల మీంచి ఒళ్ళోకి వెళ్ళాయి. ఆవిడ ముఖంలో హుషారు దిగిపోవడం పెద్ద కోడలు కళ్ళారా చూసింది. చూస్తే తృప్తిగా ఉంటుందనుకుంది. ఉండలేదు.

"నేనే వేశాను," అంది అత్తగారు. "నాకేమీ తగల్లేదు టీచరమ్మా. ఈమధ్య సన్నగీత ఏదీ తగలడం లేదు. తగలడం లేదని చెప్పలేక ఈ వారమంతా పెద్దదాని కాగితాలు తిప్పి కొట్టాను. అది అవతల ముక్కు చీదుకుంటుంటే నాకు వినపడదా? ఇవాళ తెచ్చి పెట్టింది. తడిమాను. ఏమీ తెలీలేదు. పెద్దది వేసింది కదా, తప్పుండదులే అని గుర్తు పెట్టాను. చిన్నదానివి తడిమి వేశాను. దీనిది నమ్మి వేశాను."

పెద్ద కోడలికి తల కొట్టేసినట్టయింది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఇంతకాలం తనకు దక్కలేదని కుళ్ళుకున్నదేదో తన చేతిలోనే ఉంది, దాన్ని తీసుకెళ్ళి పరాయి మనిషి చేతిలో పెట్టి అత్తగారి పరువు తీసింది. ఏడవడానికి కూడా మొహం లేదు.

టీచరు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయం. "ఎప్పట్నుంచి అమ్మగారూ?"

"చలి మొదలైనప్పట్నుంచి కొద్దికొద్దిగా. ఈ వారం బొత్తిగా పోయింది."

"అంటే పక్షుల పుస్తకం కూడా. చేపల పుస్తకం కూడా." టీచరు కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి ఉంచింది. "కళ్ళున్నవాళ్ళు చూసి బాగుందనుకున్న బొమ్మ వేలికి బాగుండదు. ఇది మీరు చెప్పిన పాఠమే. బొమ్మ తప్పైతే అది తప్పని మా పిల్లలకి తెలిసే దారి లేదు. చేపకి రెండు తోకలున్నాయని గీస్తే రెండు తోకలనే నేర్చుకుంటారు. ఎవరి వేలూ చూడని పుస్తకాలు వాళ్ళ చేతుల్లో ఉంచలేను. రేపే వెనక్కి తెప్పిస్తాను. పురుగుల పుస్తకం ఇక్కడితో ఆపేయండి."

ఆపేయమంటే ఆ ఒక్క పుస్తకం సంగతే కాదని గదిలో అందరికీ తెలుసు. గోటి గుర్తు మీద నమ్మకం పోయాక ఆ ఇంట్లో తయారైన కాగితం ఎవరూ తాకరు. పెద్ద బల్ల ఎవరిదైనా ఒకటే.

చిన్న కోడలు ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది. ఆమె ఏమనబోతోందో పెద్ద కోడలికి క్షణంలో తెలిసిపోయింది. నేను చూశానండీ అనబోతోంది. అత్తగారిని ఒడ్డున పడేసే ఆ అబద్ధం కూడా దానికే దక్కబోతోంది.

"నేను చూశానండీ," అంది పెద్ద కోడలు.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"అత్తయ్య గుర్తు పెట్టాక ప్రతి కాగితం నేను మళ్ళీ తడిమేదాన్ని. కళ్ళు మూసుకుని, వేలితోనే. ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుని నేర్చుకున్నాను. వేలు చూడని బొమ్మ ఒక్కటి కూడా మీ బడికి రాలేదు."

ఆవిడ జన్మలో ఏ కాగితాన్నీ కళ్ళు మూసుకుని తడిమి ఎరగదు. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడడమే ఆవిడ పద్ధతి. ఆ సంగతి చిన్న కోడలికి బాగా తెలుసు. ఆమె తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అత్తగారు మాత్రం కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంది. "పెద్దమ్మాయ్, నిజమేనా?" అని అడిగింది. ఆ గొంతులో ఆశ వినిపించింది.

"నిజమే అత్తయ్యా."

"అలాగైతే బెంగే లేదు," అంది టీచరు. ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి అంచులు నలిగిన ఒక కాగితం బయటికి తీసి, బల్ల మీద మెల్లగా సాఫు చేసింది. "చిన్నమ్మా, ఆ తువ్వాలేదో తెచ్చి మీ అక్కగారి కళ్ళకి కట్టు. కట్టావో లేదో నేను తడిమి చూసుకుంటాను."

చిన్న కోడలు తువ్వాలు తెచ్చింది. పెద్ద కోడలు బల్ల ముందు కూర్చుంది. చిన్న కోడలు కళ్ళకు కట్టి ముడి వేసింది. టీచరు లేచి వచ్చి ముడి చూసింది, కళ్ళ మీది మడత చూసింది. తరువాత పెద్ద కోడలి రెండు చేతులూ పట్టుకుని కాగితం మీద ఆనించింది.

"కష్టమైంది ఇవ్వడం లేదు. ఇది మీరు గీసిందే. మా పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ. ఏమిటో చెప్పండి చాలు."

పెద్ద కోడలు వేళ్ళు కదిపింది. ఒక గీత తగిలింది. అది ఎక్కడికో వంపు తిరిగిపోయింది. దాని పక్కన ఇంకో గీత, కింద వరసగా చుక్కలు, ఇవతల గుండ్రంగా ఏదో. మళ్ళీ మొదటి గీత వెతుక్కుంటే అది దొరకలేదు. ప్రతి గీతా తన చేత్తో గీసిందే. ఏది చెరపాలో, ఏది ఉంచాలో తనే ఎంచి ఉంచిందే. తువ్వాలు కింద కళ్ళు ఎంత గట్టిగా మూసుకున్నా ఒక్క బొమ్మా గుర్తుకు రాలేదు.

భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. ఎడమచెయ్యి, చిన్నదానిది. ఆ కాగితం దానికి కనిపిస్తోంది. ఏడాదిగా ఎవరి నీడ పడినా ఓర్చుకోలేకపోయిందో ఆ మనిషి చెయ్యి ఏదైనా చెబుతుందేమోనని పెద్ద కోడలు ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది.

"చెప్పు పెద్దమ్మాయ్," అంది అత్తగారు. "ఏమిటది?"